సోమశిల రేవు బాట

రాజులు గద్దె దిగిన వార్తకు పత్రికలలో మొదటిపుట దొరకును. బాట యొకటి తన పేరును హోదాను విడిచిన వార్తకు గెజెట్టులోని నాలుగు పంక్తులే గతి. కల్వకుర్తి నుండి నాగర్‌కర్నూలు, కొల్లాపురముల మీదుగా కృష్ణయొడ్డున సోమశిలకు పోవు బాట యిట్టిది. మొన్నమొన్నటి వఱకు రాష్ట్రప్రభుత్వపు రోడ్లు, భవనముల శాఖవారి చేతిలో నుండిన యీ బాట, నదికావల ఆత్మకూరు, నంద్యాలల వఱకు సాగునట్లు నిర్ణయింపబడి, 167కె అను నెంబరుతో జాతీయ రహదారుల జాబితా కెక్కినది. పొడవు సుమారు 174 కిలోమీటర్లు. పాతపట్టికలో దాని పేరు కొట్టివేయబడినది.

ఇది పదోన్నతియే గదా, విచారమెందులకని పాఠకులడుగవచ్చును. పదోన్నతికి మేము విచారించుట లేదు. కాని యీ బాట కొట్టివేయబడుట యిదియే మొదటిసారి కాదు. 1981లో నొకమారు దీనిని కొట్టివేసినది గెజెట్టు కాదు, నీరు. ఆ మొదటి కొట్టివేతకు బదులుగా నాలుగు దశాబ్దములవఱకు ఎవ్వరును ఏమియు నియ్యలేదు. నేడు క్రొత్త నెంబరు వచ్చిన సంతోషమున ఆ పాతబాకీని మఱచిపోవు ప్రమాదము కలదు గనుక ఈ నాలుగుమాటలు వ్రాయుచున్నాము.

ముందుగా సీమ స్వరూపమును కన్నులకు గట్టించుకొనవలయును. పూర్వపు పాలమూరు జిల్లా 2016 అక్టోబరు 11వ తేదీన విభక్తమై గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేఱువేఱు జిల్లాలయ్యెను. గద్వాల సీమ కృష్ణా తుంగభద్రల నడుమ నున్నది. అందుచేతనే దానిని నడిగడ్డ యందురు. కృష్ణ గద్వాలను వనపర్తినుండి వేఱుచేయును. తుంగభద్ర గద్వాలను కర్నూలునుండి వేఱుచేయును. వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల దక్షిణపు హద్దు కృష్ణయే. రెండు మహానదులు ప్రక్కనే పాఱుచుండగా కఱవునకు పేరుపడిన సీమ యిది. ఇచ్చటి కూలీలు దేశమంతట చెఱువులు త్రవ్వి, ఆనకట్టలు కట్టి, పాలమూరు లేబరు అను పేరు సంపాదించిరి. ఊరివారికి దేశాంతరము పోవుటకు బాట కావలెను, బాటకు నది యడ్డము. కనుక ఈ సీమ చరిత్రమంతయు రేవుల చరిత్రమే యనిన తప్పుకాదు.

ఈ రేవులలో సోమశిల ప్రాంతపు రేవు మిక్కిలి పాతది. 1830లో చెన్నపట్టణము సుప్రీంకోర్టు ద్విభాషి ఏనుగుల వీరాస్వామిగారు కాశీకి బయలుదేఱినపుడు శ్రీశైలము సేవించి, నివృత్తి సంగమము వద్ద కృష్ణను దాటి, పెంట్లవెల్లి, పానగల్లు, వనపర్తి సీమలమీదుగా హైదరాబాదు చేరిరి. రాజమార్గమని పేరుపెట్టిన వారెవ్వరును లేకున్నను, తూర్పుతీరపు యాత్రికుడు ఉత్తరదేశమునకు పోవు దారులలో నిది యొకటియై యుండెనని దీనిచేత తెలియుచున్నది. పానగల్లు దుర్గము దీనికి మఱొక సాక్షి. బహమనీ సుల్తాను ఫిరోజి షా, విజయనగర రాయలు ఆ కొండకోటకై పదునైదవ శతాబ్ది యారంభమున పోరాడిరి. బాట లేని చోట కోటకై ఎవడును నెత్తురు కార్చడు.

శైవులకు సైత మిది పవిత్రమైన త్రోవ. శ్రీశైలమునకు అలంపురము పశ్చిమద్వారము, అచ్చంపేట చేరువనున్న ఉమామహేశ్వరము ఉత్తరద్వారము. ఈ రెండు ద్వారముల నడుమనున్న కృష్ణాతీరమంతయు సోమశిల, జటప్రోలు, మల్లేశ్వరము మొదలైన క్షేత్రములతో నిండియుండెను. కొల్లాపురపు సురభివారి పూర్వ రాజధాని జటప్రోలు ఈ యొడ్డుననే యున్నది. వనపర్తి, గద్వాల, కొల్లాపురము, ఆత్మకూరు సంస్థానములు పండితులను పోషించిన కాలమున, సంస్థానమునుండి సంస్థానమునకు తిరిగిన కవులకును ఈ రేవులే దిక్కు. (ఇచ్చట నొకమాట. ఈ ప్రాంతమున ఆత్మకూరులు రెండు. సంస్థానపు ఆత్మకూరు నేడు వనపర్తి జిల్లాలోనిది. మన బాట చేరవలసినది నదికావల నల్లమల యంచున నున్న ఆత్మకూరు, నేటి నంద్యాల జిల్లాలోనిది. ఈ రెంటిని కలగలిపి వ్రాసిన పత్రికలను మేమెఱుగుదుము.)

1839లో కర్నూలు నవాబు రాజ్యమును కంపెనీవారు కలుపుకొనిన పిదప కృష్ణా తుంగభద్రలు రెండు ప్రభుత్వముల నడిమి సరిహద్దులయ్యెను. ఈవల నిజాము, ఆవల ఇంగ్లీషువాడు. ఈవల హాలీ సిక్కా, ఆవల కలదారు రూపాయి. పడవ దిగినవాడు మొదట కరోడ్గిరివానికి మూట విప్పి చూపవలెను, పిదప నాణెము మార్చుకొనవలెను. అటుమీదనే పిల్లనిచ్చిన యింటికి పోవలెను. భాష యొకటి, గోత్రము లొకటి, పంట లొకటి. ప్రభుత్వములు మాత్రము రెండు. నిజాము ప్రభుత్వమువారు 1932లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖను నెలకొల్పిరి. అదియే నేటి మన ఆర్టీసీకి మూలపురుషుడు. రైలును వచ్చినది, కాని ఆ రైలు వనపర్తికి రాక, మదనాపురము వద్ద ఆగి, వనపర్తి రోడ్డు అను పేరుతో స్టేషను పెట్టుకొన్నది. ఊరికి దూరముననున్న స్టేషనుకు ఊరి పేరు చేర్చి 'రోడ్డు' అను తోక తగిలించుట రైల్వేవారి అలవాటు. ఆ తోక యర్థ మేమనగా, మిగిలిన త్రోవ మీరే చూచుకొనుడని.

ఆ మిగిలిన త్రోవను జనులు వెట్టిబండ్లతో చూచుకొనిరి. అమీను వచ్చిన బండి కట్టవలెను, తహసీల్దారు వచ్చిన బండి కట్టవలెను, కూలి మాట యెత్తరాదు. 1930లో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను జోగిపేటలో తొలిసారి సమావేశమైన ఆంధ్రమహాసభవారు ఎత్తుకొనిన ప్రధానమగు కోరికలలో వెట్టిచాకిరి నిర్మూలన మొకటి. ప్రతాపరెడ్డిగారు ఈ నడిగడ్డ బిడ్డయే. 1952లో వనపర్తి ప్రజలు వారిని శాసనసభకు పంపిరి. 1947, 48 సంవత్సరములలో రజాకార్ల దౌర్జన్యము పెచ్చుపెరిగినపుడు ఈవలి కుటుంబములు నదులు దాటి కర్నూలు సీమలో తలదాచుకొనెను. స్టేటు కాంగ్రెసు సరిహద్దు శిబిరములు ఆ వైపుననే నడచెను. ప్రాణభీతితో నడిరేయి పుట్టి యెక్కినవానికి నది యెంత వెడల్పో ఇంజనీర్లకంటె బాగుగ తెలియును.

ఇక రోడ్ల పట్టికల సంగతి. మనదేశమున బాటలకు కులగోత్రములు పెట్టినది 1943 నాగపూరు ప్రణాళిక. రాష్ట్రముల చీఫ్ ఇంజనీర్లు నాగపూరున కూడి జాతీయ రహదారులు, రాష్ట్ర రహదారులు, జిల్లా రోడ్లు, గ్రామపు రోడ్లు అని విభజించిరి. అంతకుముందు 1927లో జయకరు గారి అధ్యక్షతను ఏర్పడిన సంఘము, రోడ్లు స్థానిక సంస్థల యొంటి భుజములపై నుండరాదని చెప్పియే యుండెను. విభజన మంచిదే. కాని దానివలన నొక దోషము వచ్చినది. పైమెట్టునకు ధనము ధారగా పాఱును, క్రిందిమెట్టునకు చుక్కచుక్కగా జాఱును. హైదరాబాదు నుండి కర్నూలు పోవు బాట జాతీయ రహదారియై 7వ నెంబరు ధరించి, కొత్తకోట, పెబ్బేరులమీదుగా వచ్చి, బీచుపల్లి వంతెనతో కృష్ణ దాటి, ఎఱ్ఱవల్లి, అలంపురము చౌరస్తాలమీదుగా తుంగభద్ర దాటి సాగినది. దానికి తూర్పున కొల్లాపురపు బాట రేవు వఱకు వచ్చి నిలిచిపోయినది. నిలిచినను, రేవుండెను గనుక బ్రతికియుండెను. వేసవిలో నది సన్నగిల్లినపుడు కాలినడకను, వానకాలమున పుట్టిమీదను జనులు దాటుచుండిరి.

1956 నవంబరు 1వ తేదీన రెండు దరులును ఒక రాష్ట్రమయ్యెను. కరోడ్గిరి లేదు, సిక్కా మార్పిడి లేదు. ఇక వంతెన యెంతసేపని అప్పటి పెద్దలు తలచియుందురు. వంతెనకు బదులు ఆనకట్ట వచ్చినది.

శ్రీశైల జలాశయమునకు 1963 జూలైలో జవాహర్లాలు నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1981 నాటికి ఆనకట్ట పూర్తియై నీరు నిలిపిరి. 885 అడుగుల పూర్తి నీటిమట్టమువఱకు నీరు ఎగదన్ని, కర్నూలు, పాలమూరు జిల్లాలలో సుమారు 100 గ్రామములను ముంచెను. 1981 వేసవిలో వానలు ముంచుకొని వచ్చునన్న తొందరతో బలవంతముగ ఇండ్లు కూల్చి గ్రామములను ఖాళీ చేయించిరి. పరిహారమునకు ఆధారమైన చట్టమేదనగా, 1894లో పరప్రభుత్వమువారు తమ రైళ్లకును, కాలువలకును చేసికొనిన భూసేకరణ చట్టమే. స్వరాజ్యము వచ్చి 34 యేండ్లు గడచినను, రైతునుండి భూమి తీసికొనునపుడు మాత్రము మనకు లాటుసాహేబు నాటి చట్టమే చేతికందినది. అది 2014 జనవరి 1వ తేదీవఱకు చెల్లుబాటులో నుండెను.

ఆ నీటితో కుడిగట్టున 770, ఎడమగట్టున 900 మెగావాట్ల విద్యుత్కేంద్రములు ఏర్పడినవి. మద్రాసు నగరమునకు త్రాగునీరు, రాయలసీమకు సాగునీరు పోవుచున్నవి. వీనిని మేము తక్కువ చేయుట లేదు. జాతికి విద్యుత్తు కావలెను, దప్పిగొన్న సీమకు నీరు కావలెను. కాని కొల్లాపురపు ఒడ్డువారికి ఆ నీరు పొలమునకు పాఱుటకు చాలయేండ్లు పట్టినది. కల్వకుర్తి ఎత్తిపోతల మోటార్లు తిరుగువఱకు, భూములిచ్చినవారు గట్టున కూర్చుండి నీటిని చూచుటయే వారి వంతు.

ఈ ముంపులో దేవాలయములకు జరిగిన న్యాయమును ముచ్చటింపక తప్పదు. అలంపురపు నవబ్రహ్మాలయములకు నీరు తాకకుండ గోడ కట్టిరి. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయిరాయికి నెంబరు వేసి విప్పి, అలంపురమునకు తెచ్చి, మరల అదే వరుసను కట్టిరి. జటప్రోలు, సోమశిల ఆలయములను గూడ ఎగువకు తరలించిరి. అలంపురము నివాసియు, స్వాతంత్ర్యయోధుడును, శాసనపండితుడును అగు గడియారము రామకృష్ణశర్మగారివంటివారు ఆ క్షేత్రముల కొఱకు పడిన పాటు తెలుగుజాతి మఱువరానిది. వందల యేండ్ల శిలలను చెక్కుచెదరక తరలించిన ఇంజనీర్ల నేర్పును మేము మనసార శ్లాఘించుచున్నాము. అయితే గుడి లేచిన చోట గుడి నిలిచెను. ఊరు లేచిన చోట కొంత పరిహారము, కొన్ని ఇండ్లస్థలములు ఇచ్చిరి. బాటకు మాత్రము నెంబరు వేసి ఎగువకు తరలించినవారు లేరు. బాట ఎవని సొత్తును కాదు గనుక దానికి పరిహారమడుగువాడును లేడు. వెడల్పు చాలని కాలిబాటకు, బండిజాడకు, రేవుమెట్లకు ఖాతానెంబరుండదు గదా.

ఇంతకుముందు వానకాలమున మాత్రము కష్టమైన దాటు, నాటినుండి నిండు జలాశయముపై కిలోమీటరుకు మించిన దాటయ్యెను. వేసవిలో నీరు తీసినపుడు సంగమేశ్వరపు పాతగుడి పైకి తేలును. పూజారులు, భక్తులు పడవలలో పోయి కొన్నినెలలు అర్చన చేసి వత్తురు. గుడి తేలిన కాలముననే పాత గ్రామముల పునాదులును, బండిబాటల జాడలును ఒండ్రులో కానవచ్చును. ఒండ్రులో కానవచ్చు బాట నడచుటకు పనికిరాదు. నడువదలచినవానికి రెండు చుట్టుదారులు. పశ్చిమమున పెబ్బేరు, కర్నూలులమీదుగా పోయిన కొల్లాపురము నుండి ఆత్మకూరుకు 150 కిలోమీటర్లు మించును. తూర్పున శ్రీశైలము త్రోవ పట్టిన నల్లమల యడవి. పులుల అభయారణ్యమగుటచేత రాత్రివేళ వాహనములను మన్ననూరు వద్ద నిలిపివేయుదురు. పులికి నిద్రాభంగము కాకూడదన్న నియమము సమంజసమే. అర్ధరాత్రి ప్రసవవేదన పడు తల్లికి మూడవదారి చూపినవారే లేరు.

కనుక జనులు పడవయే యెక్కిరి. ఎదుటిదరి కనుచూపుమేరలో నుండగా 150 కిలోమీటర్లు చుట్టిరమ్మనిన ఎవ్వరు వినుదురు? పెండ్లికి, చావునకు, పశువుల సంతకు, మిరపకోత కూలికి పడవయే. 2007 జనవరిలో ఈ నీటిపై పడవ మునిగి 60 మంది వఱకు ప్రాణములు విడిచిరి. అందు పెక్కండ్రు పొట్టకూటికై దరి మార్చుచుండిన పేదలు. ఆ దినములలో మంత్రులు వచ్చిరి, వంతెన కట్టుదుమనిరి. పత్రికలలో మేమును వ్రాసితిమి. నెలలు గడచినకొలది కన్నీరింకెను, వాగ్దానమును ఇంకెను. రెండుదరులును ఒకే రాష్ట్రమై యుండిన 57 సంవత్సరముల 7 నెలలలో ఆ వంతెన లేవనేలేదు. 2014 జూన్ 2వ తేదీన నది మరల సరిహద్దయ్యెను. వింతయేమనగా, ఇల్లు రెండయిన ఎనిమిదేండ్లకు నడుమ వంతెన మంజూరయ్యెను. 2022 అక్టోబరులో కేంద్ర రహదారుల మంత్రి నితిన్ గడ్కరీగారు 1,082.56 కోట్ల రూపాయల వ్యయముతో తీగెల వంతెనను, పాదచారుల వారధిని అనుమతించినట్లు ప్రకటించిరి. గడువు 30 నెలలు. ప్రకటన నాటినుండి లెక్కించిన ఆ గడువు 2025 ఏప్రిలుతో తీరినది. పని మొదలైన దినమునుండి లెక్కింపవలెనని ఇంజనీర్లు చెప్పుదురు. ఈ లెక్కలో ప్రజలెప్పుడును ఓడిపోవుదురు.

దీనితో పోల్చిచూడదగినది గద్వాల సంగతి. గద్వాలకును ఆత్మకూరు సంస్థానమునకును నడుమ జూరాల వద్ద కృష్ణపై 1981లో మొదలిడి, 1990వ దశకము నడుమ వినియోగములోనికి తెచ్చిన ప్రియదర్శిని ఆనకట్ట తనవీపుమీదనే బాటను మోసెను. గద్వాల బస్సులు ఆ ఆనకట్టమీదుగనే ఆత్మకూరునకు, వనపర్తికి పోయినవి. అచ్చటను గ్రామములు మునిగినవి, అచ్చటి నిర్వాసితులును ఏడ్చిరి. అయినను నీరు తెచ్చిన చేయి దారిని గూడ ఇచ్చినది. ఒకే నది, ఒకే జిల్లా, ఒకే ప్రభుత్వము. ఒకచోట ఆనకట్ట బాటయైనది, వేఱొకచోట ఆనకట్ట బాటను మింగినది. భేదము విధిలో లేదు, నకాసాలో నున్నది. శ్రీశైలపు నకాసా గీచినవారు జలాశయపు తోకయొడ్డున నుండువారు ఎట్లు దాటుదురని యొక గీత అధికముగ గీచియుండిన, 2007 నాటి తల్లులు బిడ్డలను పోగొట్టుకొనియుండరు. గద్వాల మెట్టుదిగిన వెంటనే నదీమధ్యమున గుఱ్ఱంగడ్డ యను దీవిగ్రామమున్నది. తరతరములుగ ఆ యూరివారికి పుట్టియే బాట. ఆనకట్టమీది బస్సు హారను వినబడుచున్నను దీవివారి కష్టము తీఱలేదనియు చెప్పకుండుట న్యాయము కాదు.

ఒక్కబాటపై నమ్మకముంచుట యెంత ప్రమాదమో 2009 అక్టోబరు వరదలు చూపినవి. శ్రీశైలమునకు సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినది. ఆనకట్టను నిర్మించినవారు లెక్కవేసినది 19 లక్షలు. నీరు వెనుకకు తన్ని కర్నూలు నగరమును, అలంపురమును ముంచెను. తుంగభద్రాతీరమున రాజోలి నేలమట్టమయ్యెను. హైదరాబాదు కర్నూలు రహదారి తెగిపోయినది. గోడ కట్టి కాపాడిన అలంపురములోనికే నీరు చొచ్చినది. ఆ దినములలో తూర్పున కొల్లాపురమువైపు ఎత్తైన వంతెన యొకటి యుండియుండిన, సహాయమును తెచ్చుబండ్లు అంతచుట్టు తిరిగియుండవు. ఆ మఱుసటి సంవత్సరముననే కేంద్రమువారు రహదారులన్నిటికి నెంబర్లు మార్చిరి. 7వ నెంబరు పోయి 44 వచ్చెను. ఆ పాత 7 హిమాలయములవైపు పోవు వేఱొక రోడ్డునకు దక్కినది. పెబ్బేరులో గాని, బీచుపల్లిలో గాని ఈ మార్పు నెవ్వరును గమనింపలేదు. వారికది నాడును కర్నూలు రోడ్డే, నేడును కర్నూలు రోడ్డే. పల్లెవాడు బాటను అది చేర్చుచోటినిబట్టి పిలుచును. నెంబరునుబట్టి పిలుచువాడు కంట్రాక్టరు.

ఇప్పుడు మా ఆందోళన రెండు విషయములను గూర్చినది. ఒకటి, పాతబాట గతి. జాతీయ రహదారి వెడల్పు చేయునపుడు ఊరిని తప్పించి బైపాసు వేయుదురు. నాగర్‌కర్నూలు వంటి పట్టణములలో నడిబజారున మిగిలిన పాతముక్క జాతీయశాఖవారిది కాదు. ఒకమారు మరమ్మతు చేసి రాష్ట్రమునకు అప్పగించుట వాడుక. రాష్ట్రమువారు పురపాలకసంఘమును చూపుదురు. పురపాలకసంఘమువారు ఖజానాను చూపుదురు. బడి, ఆసుపత్రి, మార్కెటుయార్డు ఆ పాతముక్కమీదనే యుండును. పేరు కొట్టివేయబడిన బాటకు గుంత పడినపుడు అర్జీ యెవరికి వ్రాయవలెనో అప్పగింత నాడే అచ్చువేసి ప్రకటింపవలయును. పట్టికనుండి తొలగించుట యొక్క సంతకముతో నగును, కాని ఎడ్లబండికి, బడిపిల్లకు, ఆటోవానికి ఆ బాట తొలగదు.

రెండవది నిర్వాసితుల బాకీ. శ్రీశైలము ముంపు కుటుంబములలో నొకనికి ఉద్యోగమిచ్చుటకు 1986లో 98వ నెంబరు జీవో వెలువడినది. కొల్లాపురము తాలూకాలో 'తొంబదియెనిమిది జీవో' యనిన చిన్నపిల్లలకును తెలియును. ఆ జీవో పట్టికలో పేరెక్కినవారిలో కొందఱికి ఉద్యోగము దొరకినది. అనేకులు అర్జీలు మోయుచునే తల నెరసిరి. 1981లో తండ్రి చేయిపట్టుకొని ఊరు విడిచిన పదేండ్ల బాలునికి నేడు యేబది దాటినది. ఇప్పుడు క్రొత్తరహదారి వెడల్పునకు గట్టునున్న భూములు మరల కావలెను. ఈసారి 1956 నాటి జాతీయ రహదారుల చట్టము. 2015 నుండి పరిహారపు లెక్క 2013 చట్టము ననుసరించును గనుక మొత్తము పెద్దది. మంచిదే. కాని నాడు నీటికిచ్చి, నేడు రోడ్డుకిచ్చు కుటుంబమును తొలిసారి యిచ్చువానితో సమముగ చూచుట న్యాయమా? 98వ జీవో అర్హులలో మిగిలినవారిని రహదారి పనులలోను, వంతెన కావలిలోను, రేపు పెట్టబోవు సుంకపు చావడిలోను ముందుగ చేర్చుకొనిన, ప్రభుత్వమునకు అదనపు ఖర్చేమియు లేదు.

ఎదుటిదరి మాటయు వినదగినదే. రాయలసీమ ప్రజలు సిద్ధేశ్వరము వద్ద అలుగు కావలెనని చాలకాలముగ కోరుచున్నారు. 2016 మే 31న వేలమంది తరలివచ్చి తామే శంకుస్థాపన చేసిరి. తీగెల వంతెనకు బదులు వంతెనయు, అలుగును కలిసిన కట్టడము కట్టుడని వారి వాదము. నీళ్ల పంపకపు తగవు రెండు రాష్ట్రముల నడుమ, ట్రిబ్యునళ్ల యెదుట నున్నది. ఆ తగవు న్యాయాన్యాయములను ఈ పుటలో తేల్చుటకు మేము పూనుకొనము. అలుగును గూర్చిన తీర్పు ఎప్పుడు వచ్చినను రానిండు; దాటుటకు సంబంధించిన హక్కును ఆ తీర్పునకు ముడివేయరాదని మాత్రము మా మనవి. అద్దపు నడకదారిని, పర్యాటకుల ఫోటోలను గూర్చి ప్రకటనలలో విశేషముగ వర్ణించిరి. హైదరాబాదు నుండి తిరుపతికి 80 కిలోమీటర్లు తగ్గునట. తగ్గనిండు. మంచాలకట్ట కూలీకి తగ్గునది 80 కాదు, 150. ఆమె బస్సు ఆ వంతెనమీద ఎచ్చట ఆగునో, కొల్లాపురము డిపోనుండి ఆత్మకూరుకు దినమునకెన్ని సర్వీసులు నడచునో ప్రకటనలో లేదు. రెండు రాష్ట్రముల ఆర్టీసీలు పర్మిట్లకై ఎట్లు పోట్లాడుకొనునో మన మెఱుగనిది కాదు. ఆ ఒడంబడిక వంతెన స్తంభములకంటె ముందే లేవవలయును.

అంతవఱకు సోమశిల రేవున పడవలు నడచుచునే యుండును. 2007 తరువాత పడవలకు లైసెన్సులు, రక్షణ చొక్కాలు, ఎక్కించు జనసంఖ్య గూర్చి ఉత్తరువులు వచ్చినవి. శివరాత్రికి, కార్తికమాసమునకు యాత్రికులు కిక్కిరిసిన దినమున ఆ సంఖ్యను లెక్కించు ఉద్యోగి యెవరు, ఏ శాఖవాడు, ఈవలి రాష్ట్రమువాడా ఆవలి రాష్ట్రమువాడా? ఈ ప్రశ్నకు నాగర్‌కర్నూలు, నంద్యాల జిల్లా కలెక్టర్లిద్దరును కూడబలుక్కొని, వచ్చు శివరాత్రికి ముందే రేవుగట్టున తెలుగులో బోర్డు వ్రాయింపవలెనని కోరుచున్నాము.